పల్సానా ఇంటి కిటికీలు

జూలై 2, బుధవారం

అడగని పిల్ల ఈ రోజు అడిగింది! రాయకుండా ఉండలేకపోతున్నాను.

నా కరుణ తన గుడ్డబొమ్మను తెచ్చి నా ఒళ్లో పెట్టి, "బాపూ, దీనికి ఘర్ లేదు. ఒక ఇల్లు కట్టియ్యవా?" అంది. ఆ బొమ్మ కూడా తాను కుట్టుకున్నదే, నేను కార్ఖానా నుంచి తెచ్చిన చింధీ గుడ్డ పేలికలతో. బజారులో ఎన్ని బొమ్మలున్నా ఒక్కటి కావాలని నోరు తెరవని పిల్ల.

పెళ్లయి జుట్టు నెరిసి, నా భార్య సారక్కా నేనూ ఇక లేదులే అనుకున్నాక పుట్టిన పిల్ల. బడి దగ్గర నన్ను చూసి మిగతా పిల్లలు "తేరే దాదాజీ ఆయే", మీ తాత వచ్చాడు, అంటారు. అననీ! దాదాజీ అన్నా ఎవరన్నా, ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి అందుకునేది నా వేలునే కదా.

కడతాను తల్లీ. రెండంతస్తులు కడతాను.

జూలై 5, శనివారం

మార్కెట్లో పారేసిన చీరల అట్టపెట్టెలు తెచ్చాను. మూడేసి పొరలు మైదా జిగురుతో అంటించి గోడలు నిలబెట్టాను. కింద వంటిల్లు, హాలు. పైన పడకగది, వరండా. చూస్తుంటే నా కడుపు నిండిపోయింది.

సారక్క చూసి, "ఇంట్ల కాళ్లు చాపుకునే జాగ లేదు, నువ్వు ఇంట్ల ఇంకో ఇల్లు కడుతున్నవ్" అని నవ్వింది. మాట నిజమే. సూరత్ లింబాయత్‌లో ఈ ఒక్క గదిలోనే ముప్పై ఏళ్లుగా కిరాయికి ఉన్నాం. కిటికీ లేదు. తలుపు తెరిస్తే వెలుతురు, మూస్తే చీకటి.

కిటికీల దగ్గర నాకూ బిడ్డకూ లొల్లి అయింది.

"ఇనుప సలాకలు పెడత బిడ్డా, నిలువుగ, మన సిరిసిల్ల ఇండ్ల లెక్క."

"సలాకలు ఆజ్‌కల్ ఎవరు పెడ్తరు బాపూ? స్లైడింగ్ కావాలె. ఎదురుంగ బిల్డింగుల ఉన్నయి చూడు, గట్ల సర్రుమని జరగాలె."

"దొంగలొస్తే?"

"బొమ్మింటికి చోర్ ఎందుకొస్తడు?"

"బొమ్మ దొంగ వస్తడు."

పడీపడీ నవ్వింది. కాని పట్టు వదల్లేదు. జరిగే కిటికీలే కావాలట.

జూలై 7, సోమవారం

ఉధనా రోడ్డులో అల్యూమినియం కిటికీల దుకాణం ఉంది. తుక్కులో చిన్న ముక్కలేమైనా ఇస్తారేమో అడుగుదామని వెళ్లాను. బడిలో తల్లిదండ్రుల మీటింగు నుంచి అటే పోయాను కాబట్టి ఇస్త్రీ చొక్కా మీద ఉన్నాను. ఆ చొక్కాను చూసే అతను పొరబడ్డాడు.

"ఆవో కాకా, బేసో బేసో" అని కుర్చీ లాగాడు. చల్లటి నీళ్లిచ్చాడు. చాయ్ తెప్పించాడు. "మకాన్ బన్ రహా హై?" అని, ఇల్లు కడుతున్నారా అన్నాడు.

బొమ్మరిల్లని చెప్పడానికే నోరు తెరిచాను. "హా" అన్నాను.

"కిధర్?" ఎక్కడ అని.

"పల్సానా."

పల్సానా ఎందుకు వచ్చిందో నోటికి! ఒకప్పుడు అక్కడి మిల్లులో పనిచేశాను, అంతే.

"బడా కి ఛోటా?"

"ఛోటా."

ఇందులో అబద్ధమేముంది? ఇల్లు కడుతున్నాను. చిన్నదే. పల్సానా ఒక్కటి పక్కకు పెడితే అంతా నిజమే.

నమూనాకని వేలెడు పట్టీలు కొన్ని, గాడి కోసినవి, అరచేతంత నీలం అద్దాలు నా చేతిలో పెట్టాడు. ఇంటికి తీసుకుపోయి మేడంకు చూపించి రమ్మన్నాడు. మా సారక్కను మేడం అన్నాడు!

ఇంత పెద్ద సూరత్‌లో నాకు ఇంతవరకు ఎవరూ కుర్చీ లాగి వేయలేదు. అది మాత్రం నిజం.

జూలై 8, మంగళవారం

నీలం అద్దం గాడిలో సర్రున జరిగింది. కరుణ నా చెంప మీద ముద్దు పెట్టింది. గడ్డం గుచ్చుకుందట.

జూలై 12, శనివారం

ఈ రోజు రంగుల దుకాణం. బయటి గోడలకు వేసే పూతలన్నీ అరచేతంత పలకల మీద అంటించి కౌంటరు మీద పరిచారు. దువ్వెనతో గీసినట్టు ఒకటి, ఇసుక చల్లినట్టు ఒకటి, చెట్టు బెరడులా గరుకుగా ఒకటి. బిస్కెట్ మందాన కోసిన రాతి బిళ్లలు కూడా ఉన్నాయి. ఎంత ముచ్చటగా ఉన్నాయో! మా ఇంటి గోడకు సరిగ్గా సరిపోయే కొలతలు.

కౌంటరు మీది అతను ఎండ ఏ వైపు ఎక్కువని అడిగాడు. పడమర అన్నాను. "వానకు పెచ్చులు లేవవు కదా?" అని నేనే అడిగాను. అది నన్నెవరూ అడగమనలేదు.

అప్పుడే వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది. అంబదాస్. మా పద్మశాలి సమాజం కార్యదర్శి.

"ఏంది రాజన్నా, ఈడున్నవ్? ఇల్లు గిట్ల కడుతున్నవా ఏంది?"

"పల్సానా మే" అని కౌంటరతనే చెప్పేశాడు. అతనికి నేను చెప్పాను గాని అంబదాస్‌కు చెప్పలేదు.

"ఓరి నీ! చప్పుడు గాకుంట కడుతున్నవ్ గదనే! దావత్ అడుగుతమని దాస్తున్నవా?"

నేను నవ్వాను. నవ్వితే అబద్ధమాడినట్టు కాదు.

జూలై 15, మంగళవారం

చాయ్ హోటల్లో నన్ను "సేటు" అంటున్నారు. బెంచీ మీద జరిగి చోటిస్తున్నారు. తెలిసిన మేస్త్రీ ఎవరైనా ఉంటే చెప్పమని అంబదాస్ అంతటివాడు నన్నడిగాడు! అరవై దాటాక కూడా బాబిన్లు చుట్టుకుంటూ బతికేవాణ్ణి, నన్నెవరడిగారు ఇన్నాళ్లూ ఏ సంగతైనా?

తప్పే. రేపో ఎల్లుండో చెప్పేస్తాను. నలుగురూ ఉన్నప్పుడు కాదు, అంబదాస్ ఒంటరిగా దొరికినప్పుడు.

జూలై 17, గురువారం

సారక్క అడిగింది. "బయట మంది ఏమో అనుకుంటున్నరు. ఏంది కథ?"

"మందికేం పని" అన్నాను.

ఆమె లేచి గిన్నెలు కడుక్కోవడానికి పోయింది. ఇంకో మాట అన్నా బాగుండేది.

జూలై 19, శనివారం

రంగుల దుకాణంలో నమూనాకని ఇచ్చిన రాతి బిళ్లలు ముందు గోడకు అంటించాం. పక్క గోడలకు ఇసుక పూత. ఎంత అందం వచ్చిందని! పైఅంతస్తు కిటికీలకు మాత్రం నా మాటే నెగ్గింది. మగ్గంలో దారాలను దువ్వెనలా విడదీసే పాత ఫణి ఒకటి విరిగిపోయి మూలన పడి ఉంటే, దాని సన్నటి ఇనుప పుల్లలు తెచ్చి సలాకలు పెట్టాను. కరుణ వేలితో మీటి, "సితార్ లెక్క మోగుతున్నది బాపూ" అంది.

వెనక గోడకు నమూనాలు మిగల్లేదు. అట్ట మీద పాత అచ్చు కనిపిస్తోంది, "ఫ్యాన్సీ సాడీ" అని.

"వెనక ఎవరు చూస్తరు బిడ్డా? గోడకు ఆనిచ్చి పెడుదం."

"బొమ్మ చూస్తది గదా, బట్టలు ఆరేయ వస్తే."

జూలై 22, మంగళవారం

సిరిసిల్ల నుంచి బావమరిది పరుశురాం ఫోను.

"బావా, గింత పరాయోళ్లమైనమా? ఈడున్న అంబదాస్ తమ్ముడు చెప్తె మాకు తెల్వాల్నా?"

"అట్ల గాదు పరుశురాం..."

"దర్వాజ ఎత్తిన్రా?"

"లేదు."

"బతికించినవ్! దర్వాజ నిలబెట్టే నాడు అక్కకు, నీకు కొత్త బట్టలు పెట్టుడు పుట్టింటోళ్ల బాధ్యత. అమ్మ పాయె, నాయిన పాయె. నేను సుత లేననుకున్నవా? నూలు పున్నమికి వస్తున్న. నాడే రాఖీ, మంచి దినం. నా చేతులతోని పెడత."

లేదు అని ఒక్క నిజం చెప్పాను. అది కూడా అబద్ధానికే పనికొచ్చింది.

సారక్క పక్కనే కూర్చొని బెండకాయలు కోస్తోంది. అంతా విన్నది. నా చేతిలోంచి ఫోను తీసుకుని, "రా తమ్మీ, నిన్ను చూసి ఎన్నేండ్లాయె" అంది. ఇంటి మాట ఎత్తలేదు. ఫోను పెట్టేశాక మళ్లీ బెండకాయలు కోసుకుంది. నావైపు చూడలేదు.

జూలై 23, బుధవారం

ఈ రోజు ఫోను చేసి చెప్పెయ్యాలి.

జూలై 24, గురువారం

చెప్పలేదు.

జూలై 27, ఆదివారం

పరుశురాం సంగతే తెమలలేదు, ఇప్పుడు ఇది. ఎట్లా రాయాలి?

కరుణ బయట ఆడుకుని వచ్చి తలుపు దగ్గరకు వేసింది. చెవిలో చెప్పినట్టు అడిగింది. "బాపూ, సచ్చీ చెప్పు. ఇది మోడల్ గదా?"

"ఏం మోడలు?"

"మా క్లాసుల హేతల్ వాళ్ల పప్పా బిల్డర్. వాళ్ల ఆఫీసుల గిట్లనే ఉంటది, కాంచ్ అద్దాల పెట్టెల. ముందుగాల చిన్నది చేస్తరు, అది చూసి పెద్దది కడ్తరు. మనది పల్సానాల పెద్దది కడుతున్నవట గదా. పక్కింటి పద్మారాణి ఆంటీ చెప్పింది."

ఆ ముఖంలో వెలుగు! ఈ గదిలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఆ వెలుగు నా మాట మీద ఉంది. ఒక్క మాటంటే ఆరిపోతుంది.

"చూద్దాంలే" అన్నాను.

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. "సర్‌ప్రైజ్ ఖరాబ్ చేసిన గదా? సారీ బాపూ. నేను ఎవ్వరికీ చెప్ప."

నాకు సారీ చెప్పింది. నాకు.

ఆగస్టు 1, శుక్రవారం

బొమ్మ చెప్పుల డబ్బాలోకి పోయింది. "అది ఆడ పండుకుంటది, ఇది మనది గదా" అంది కరుణ.

వంటింట్లో ఇంకో కిటికీ పెట్టమంది. అమ్మ రొట్టెలు చేసేటప్పుడు గాలి రావాలట, చెమటలు పడుతున్నాయట. కోసి పెట్టాను. కత్తి వంకరపోయింది. కిటికీ కూడా కొంచెం వంకరే.

ఆగస్టు 4, సోమవారం

పరుశురాంకు ఫోను చేశాను. వానలు పడుతున్నాయా అని అడిగి పెట్టేశాను.

ఆగస్టు 8, శుక్రవారం

పరుశురాం వచ్చాడు. అక్క కోసం చీర తానే నేసుకొచ్చాడు. తన పాళీ పని అయ్యాక మగ్గం యజమానిని బతిమాలుకొని, ముదురు ఆకుపచ్చకు ఎర్రంచు పెట్టి. నాకు ధోతి, పైమీదికి కండువా. అవిగాక తడి తువాలులో చుట్టుకొచ్చిన మామిడాకులు. పుట్టింటి చెట్టువి, దర్వాజకు కట్టడానికి.

"ఈడ దొరకవా మామిడాకులు?" అంది సారక్క.

"దొరుకుతయి. అమ్మ నీళ్లు పోసి పెంచిన చెట్టుయి దొరుకుతయా?"

సారక్క కళ్లు తుడుచుకుంది. నేను చాయ్‌లోకి అల్లం దంచుతున్నట్టు నటించాను. నిజంగానే దంచాను, అవసరానికి మించి దంచాను.

"పొద్దుగాల గుడిల పూజ కాంగనే సీదా పల్సానా పోదాం బావా. ఆటో మాట్లాడు."

"వానలు. తొవ్వ మంచిగ లేదు."

"అట్లనా? అయినా ఏమైతది, బురదైతే నడిచి పోదాం."

ఏం చెప్పినా నమ్ముతున్నాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆగస్టు 9, శనివారం, నూలు పున్నమి

అంతా ఉన్నదున్నట్టు రాస్తాను.

మార్కండేయ స్వామి గుడి దగ్గర సమాజమంతా జమైంది. కొత్త జంధ్యాలు వేసుకున్నాం. అంబదాస్ నన్ను ముందుకు తోసి, "కొబ్బరికాయ ఈసారి సేటు కొట్టాలె, ఇల్లు కట్టినోని చెయ్యి" అన్నాడు. కొట్టాను. స్వామి ముందర నిలబడి, భుజం మీద కొత్త జంధ్యంతో, ఆ చేత్తోనే కొట్టాను.

బయట సన్నటి వాన. మెట్ల కింద పరుశురాం ఆటో ఆపి కూర్చున్నాడు, బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని. పక్కన కరుణ, ప్లాస్టిక్ కవరు కప్పిన బొమ్మరింటిని రెండు చేతులా పట్టుకుని. పొద్దున నేను స్నానానికి పోయినప్పుడు దాన్ని మామతో మోయించుకొచ్చిందట. "సైట్ మీద పెట్టి చూద్దాం బాపూ, కిటికీలు ఎటు రావాల్నో" అంది. సారక్క ఆటో ఎక్కకుండా పక్కన నిలబడింది.

ఆటోవాడు వెనక్కి తిరిగి, "కిధర్ జానా హై కాకా?" అన్నాడు.

కిటికీల దుకాణంలో అడిగిన మాటే. కిధర్. అప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో నోటికి! ఇప్పుడు రాలేదు. 

"దిగు పరుశురాం" అన్నాను.

"ఏమైంది బావా?"

"పల్సానాల ఏం లేదు."

"జాగ ఉన్నది గదా?"

"జాగ లేదు. ఇల్లు లేదు. పొల్ల ఒళ్లె ఉన్నదే ఇల్లు. ఇంకోటి లేదు."

మెట్ల మీద అంబదాసూ ఇంకా నలుగురూ ఆగిపోయారు.  పరుశురాం కవరు ఎత్తి బొమ్మరింటిని చూశాడు. రాతి గోడ చూశాడు, నీలం అద్దాన్ని ఒకసారి జరిపి చూశాడు.

"మంచిగ కట్టినవ్ బావా" అన్నాడు. "గృహప్రవేశానికి మాత్రం నన్ను పిలువకు. నేను అందుల పట్ట."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ వెంటనే అందరూ. నేనూ నవ్వబోయాను, సిగ్గులేని ముఖం! అప్పుడు కరుణను చూశాను.

నవ్వలేదు. ఏడ్వలేదు. ఆటో దిగి, ఇంటి మీద చినుకు పడకుండా కవరు సర్ది, దాన్ని పొట్టకు ఆనించుకుని ఒక్కతే నడిచింది. వెనక నుంచి నేను పిలిచాను. ఆగలేదు.

సారక్క నా పక్కనే నడుస్తూ అంది. "నీ సంగతి నాకు మొదటినుంచి ఎరుకే. మందితోని ఎట్లనన్న మాట్లాడు. పొల్లకు ఎందుకు చెప్పినవ్?"

"నేను చెప్పలేదు."

"లేదని చెప్పినవా?"

పిల్లను అందుకోవాలని అడుగులు పెద్దవి చేశాను. 

ఇంటికి వచ్చాక పరుశురాం సంచి పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు. "దర్వాజకని తెచ్చిన బట్టలు వాపస్ తీస్కపోవద్దక్కా. యాడ పెట్టాలె నేను?"

సారక్క మా కిరాయి గది తలుపు చూపించింది. "ముప్పై ఏండ్ల సంది గీ దర్వాజలకెల్లే వస్తున్న, పోతున్న. దీనికే పెట్టు."

అమ్మ చెట్టు మామిడాకులు ఆ తలుపుకు కట్టాడు. అక్కను పీట మీద కూర్చోబెట్టి చీర ఒడిలో పెట్టాడు. నాకు బొట్టు పెట్టి ధోతి చేతిలో పెట్టాడు. నా ముఖం చూడకుండానే పెట్టాడు. అక్క రాఖీ కట్టింది.

ఆ ధోతి నేను కట్టలేను. కట్టనని చెప్పనూలేను.

ఆగస్టు 10, ఆదివారం

పరుశురాం వెళ్లిపోయాడు. స్టేషనులో, "ఆరోగ్యం చూసుకో బావా" అన్నాడు. వేళాకోళమాడతాడనుకున్నాను. ఆడలేదు.

కరుణ మాట్లాడటం లేదు. బొమ్మరింటిని తిప్పి పెట్టింది. రాతి గోడా నీలం కిటికీలూ అటు గోడవైపు. ఇటు, మనిషి చూసేవైపు, ఉత్త అట్ట. "ఫ్యాన్సీ సాడీ."

ఆగస్టు 11, సోమవారం

అట్లనే ఉంది.

ఆగస్టు 12, మంగళవారం

హోటల్లో అంబదాస్ "సేటు" అనలేదు. "రాజన్నా" అని కూడా అనలేదు. చాయ్ అయిపోయాక, "జర జరుగు" అన్నాడు. జరిగాను.

ఇంట్లో అట్లనే ఉంది. అన్నం తింటుంటే ఆ అక్షరాలే ఎదురుగా. నేనే అన్నాను కదా, వెనక ఎవరు చూస్తారని.

ఆగస్టు 14, గురువారం

మాట్లాడింది! నా తల్లి మాట్లాడింది!

బడి నుంచి వచ్చి సంచీ దించి, చెప్పుల డబ్బాలోంచి బొమ్మను తీసి బొమ్మరింటి పైఅంతస్తులో పడుకోబెట్టింది. తర్వాత నావైపు తిరక్కుండానే, "వెనుక గోడకు సుత కిటికీ కావాలె. బట్టలు ఆరేయ పోతే బయట కనబడాలె గదా" అంది.

"తెస్త బిడ్డా! రేపే తెస్త! ఆ దుకాణమే పోయి..."

"నేను సుత వస్త."

నా సంతోషం సగంలో ఆగిపోయింది. సోమవారం బడి అయ్యాక పోదామంది. దినం కూడా తానే పెట్టింది.

ఆగస్టు 18, సోమవారం

బాబిన్ల పని నుంచి నేరుగా వెళ్లాను, దూది అంటిన చొక్కాతోనే. కరుణ బడి బట్టల్లో వచ్చింది. తొవ్వంతా నా వేలు పట్టుకోలేదు, పక్కన నడిచింది.

దుకాణం అతను గుర్తుపట్టాడు. "ఆవో కాకా, బేసో! పల్సానా కా కామ్ కహాఁ తక్ ఆయా?" అని, పల్సానా పని ఎంతవరకు వచ్చిందని అడుగుతూ అదే కుర్చీ లాగాడు. చాయ్‌కి కేకేశాడు కూడా.

నేను కూర్చోలేదు. కరుణ అతన్ని చూడటం లేదు. నా నోటివంక చూస్తోంది.

"పల్సానా మే కుఛ్ నహీఁ హై సేఠ్" అన్నాను. "గుడియా కా ఘర్ హై. మేరీ బేటీ కీ గుడియా. ఆప్‌కో ఝూట్ బోలా థా." పల్సానాలో ఏమీ లేదని, అది నా బిడ్డ బొమ్మకు కట్టిన ఇల్లని, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను.

అతను నన్నూ పిల్లనూ మార్చి మార్చి చూశాడు. చాయ్ వద్దని లోపలికి సైగ చేశాడు. కుర్చీని కాలితో వెనక్కి నెట్టి, "కిత్నా బడా ఘర్ హై?" అని, ఇల్లు ఎంత పెద్దదో అడిగాడు.

రెండు చేతులూ చాచి చూపించాను, ఇంత అని.

"గంత లేదు బాపూ" అంది కరుణ. ముందుకు వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, సరిగ్గా మా ఇంటి కొలతకు దగ్గరగా జరిపి, అతనికి చూపించింది.

"ఇత్నా."